బెజ్జం

మా పిన్ని కొడుకు విశాఖలో కొండల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఎక్కడం మీద కాదు, అరగడం మీద. రాయి ఎలా చివుకుతుంది, చివికినదాన్ని నీళ్ళు ఎలా మోసుకుపోతాయి, ఆ పని ఎంత వేగంగా సాగుతుంది, ఇదీ వాడి సబ్జెక్టు. చుట్టాలెవరైనా అడిగితే పిన్ని "ఏదో జియాలజీ" అనేసి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళిపోతుంది. కార్తీకం వెళ్ళిన వారానికి వాడు ఫోన్ చేసి, అన్నయ్యా, మా మేడం, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు, మొత్తం నలుగురం వస్తున్నాం, ఆరు రోజులుంటాం, పెద్దమ్మకి చెప్పు, నీ కారు కూడా కావాలి అన్నాడు. నేను వెంటనే సరే అన్నది తమ్ముడి మీద ప్రేమతోనే కాదు. మా ఇల్లు విద్యాధరపురంలో కొండ వారగా ఉంటుంది. ఇంటి వెనక కొండ మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్ రెండేళ్ళుగా పొట్టేసుకుని ముందుకొస్తోంది, వానొస్తే అమ్మ వెనక గదిలో పడుకోవడం మానేసింది. కొండల డాక్టర్లు నలుగురు ఇంటికే వస్తున్నారు, ఫీజు లేకుండా చూపించుకోవచ్చని నా లెక్క.

మొదటి రోజు

తెల్లవారుజామున రైలు దిగారు. బట్టల సంచులు చిన్నవి, సామాను సంచులు పెద్దవి. జల్లెళ్ళు, పార, సుత్తులు, మందపాటి ప్లాస్టిక్ కవర్లు కట్టలు కట్టలు. డిక్కీ మూతపడకపోతే తాడు కట్టాను. మేడంది తెనాలి, మాట వినగానే తెలిసిపోయింది. అమ్మ పెసరట్లు వేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి అల్లం పచ్చడి గురించి పావుగంట మాట్లాడారు, ఆ తర్వాతే బయల్దేరాం.

ముందు ప్రకాశం బ్యారేజీ. వారానికి నాలుగుసార్లు దాటే బ్యారేజీ మీద పనిగట్టుకుని ఆగి నిలబడటం నాకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారేమో. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ. 1852లో ఆనకట్ట పని మొదలెట్టినప్పుడు ఈ చోటు ఎంచుకున్నది కూడా అందుకే, రెండు చివర్లా ఆనుకోవడానికి కొండ ఉంది. ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది, 1957కి ఈ 70 గేట్ల బ్యారేజీ వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ గేట్ల కింది నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. 2009 అక్టోబరు వరదకి 11.10 లక్షలు వచ్చినప్పుడే ఇంతకన్నా చూడం అనుకున్నాం.

నేను ఊరికే ఉండలేక మా ఊరి కథ చెప్పాను. కృష్ణమ్మ పారుకుంటూ వస్తే కొండ అడ్డొచ్చిందట, దారిమ్మని అడిగితే కొండ ఒక బెజ్జం పెట్టుకోనిచ్చిందట, అదే బెజ్జంవాడ, వాడుకలో బెజవాడ అయింది. కుర్రాళ్ళు నవ్వారు గానీ మేడం నవ్వలేదు.

"నీటికి దారి కావాలి అన్నంతవరకూ కథ కరెక్టే బాబూ. దిక్కే తేడా. నది ఎదురుగా నిలబడి దొలవదు, పైనుంచి కిందికి కోస్తుంది. బెజ్జం కాదు, రంపపు కోత."

నది కొండల నడిమి నుంచి పోతుంటే అది రెండు రకాలుగా జరగొచ్చట. ఒకటి, నది ముందునుంచీ ఉంది, నేల మెల్లగా పైకి లేస్తుంటే అదే వేగంతో కిందికి కోసుకుంటూ తన మట్టం నిలబెట్టుకుంది. రెండోది, కొండ ఎక్కడో కింద పూడుకుని ఉంది, నది పైనున్న మెత్తటి పొరల్లో దారి వేసుకుని దిగుతూ దిగుతూ గట్టి రాయి తగిలేసరికి పక్కకి తప్పుకునే వీలు లేక దాన్నే కోసింది. కొలరాడో నదిలో పడవలేసుకుని తిరిగిన జాన్ వెస్లీ పావెల్ అనే ఆయన 1875లోనే ఈ రెండూ విడదీసి రాశాడట. నాకు రెండోది నచ్చింది. తప్పుకోలేక కొయ్యడం అనేది మన జీవితాల్లో కూడా కొంచెం ఉంది కదా.

అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు. గుడి కొండ మీద సుత్తి తియ్యం అని ముందే చెప్పారు, కళ్ళతో చూడటమే. రాళ్ళు పడకుండా ఇనప వల కట్టిన చోట ఆగారు. 2020 అక్టోబరులో, సరిగ్గా దసరా రోజుల్లో, ఈ కొండ చరియ విరిగిపడ్డ సంగతి ఊళ్ళో అందరికీ గుర్తే. మేడం వల వైపు చూడలేదు, వల వెనక రాయిలో గీతలు చూశారు. మా కొండల రాయిని ఖోండలైటు అంటారట, ఖోండు అనే గిరిజన తెగ పేరు మీద 1902లో పెట్టిన పేరు. దానికంటే ముందు తెల్లదొరల సర్వేలో ఈ రాయికి 'బెజవాడ నైస్' అని పేరు, నైస్ అంటే చారలున్న ఒక రకం రాయి. మా ఊరి పేరుతో ఒక రాయి ఉండేదని నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు, చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో ఎక్కడెక్కడి రాళ్ళో బట్టీ పట్టించారు గానీ.

ఇది సుమారు 160 కోట్ల ఏళ్ళ నాడు భూమి లోపల, 20 కిలోమీటర్లకి తక్కువ కాని లోతులో ఉడికి గట్టిపడిన రాయి. "అంటే ఇప్పుడు మనం నిలబడ్డ చోట నెత్తి మీద 20 కిలోమీటర్ల రాయి ఉండేదన్నమాట" అన్నాడు తమ్ముడు. అదంతా ఏమైంది అని అడిగాను. వాడు కృష్ణ వైపు చెయ్యి చూపించాడు.

రెండో రోజు

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు పనికొచ్చిన రోజు ఇదే.

పొద్దున్నే మొగల్రాజపురం. గుహల ముందు పది నిమిషాలు. పదిహేను వందల ఏళ్ళ నాటి చెక్కడాలంటారు, ముఖాలు అరిగిపోయి ఉన్నాయి. కోణార్కు, పూరీ గుళ్ళు కూడా ఈ ఖోండలైటుతోనే కట్టారు, అక్కడా ఇదే బాధట, రాయి చివుకుతూ ఉంటుంది. తర్వాత సున్నపు బట్టీల సెంటర్ వైపు నడిచాం. 2024 ఆగస్టు 31న ఇక్కడ కొండ రాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. ఆ పొద్దున మా ఏరియా మొత్తం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, అమ్మ అప్పటినుంచే వెనక గది వదిలేసింది. అక్కడ ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఒక పెద్దావిడ గుమ్మంలో కూచుని బియ్యం ఏరుకుంటూ, "మళ్ళీ కొలతలకొచ్చారా?" అని అడిగింది. కాదమ్మా చదువుకునేవాళ్ళం అంటే సరే మంచినీళ్ళు తాగుతారా అంది.

పనంతా రోడ్డు కోసం కొండని నిలువునా కోసిన ఒక చోట జరిగింది. తమ్ముడు నా చేతిలో హ్యాండ్ లెన్స్ పెట్టి, కన్నుకి ఆనించుకో, రాయిని దగ్గరికి తెచ్చుకో అన్నాడు. మొదట అంతా మసక, తర్వాత ఒక్కసారి తేటపడింది. దానిమ్మ గింజల్లాంటి ఎర్ర గింజలు, గార్నెట్లు. ఒక్కో గింజ చుట్టూ తుప్పు మరక, మనం కిటికీ ఊచల కింద గోడ మీద చూస్తామే అచ్చం అలాంటిదే. గార్నెట్‌లో ఇనుము ఉంటుంది, దానికి నీళ్ళు, గాలి తగిలితే ఊచలకి పట్టినట్టే తుప్పు పడుతుంది. వాటి పక్కన తెల్లగా, గోటితో గీకితే పొడిగా రాలే పదార్థం. అది ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్ అనే గట్టి ఖనిజం, గోటికి లొంగేది కాదు. వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కలిసి పలచటి ఆమ్లం అవుతుంది, సోడా కన్నా చాలా పలచన. అది వేల ఏళ్ళు నానబెడితే ఫెల్డ్‌స్పార్ సుద్ద అవుతుంది. మధ్యలో గాజు ముక్కల్లా మెరుస్తున్నది క్వార్ట్జ్, దానికి మాత్రం ఏమీ కాలేదు. ఏ ఖనిజం ముందు చివుకుతుంది, ఏది ఆఖరికి మిగులుతుంది అన్న వరుస 1938లో గోల్డిచ్ అనే ఆయన కట్టాడు, క్వార్ట్జ్ ఆ వరుసలో చిట్టచివరిది. కృష్ణ ఇసుకలో కళ్ళకి మెరిసేది చాలావరకూ అదే.

తర్వాత ఇంకో పరికరం తీశారు, లావుపాటి టార్చిలైటులా ఉంది, మూతి రాయికి ఆనించి నొక్కితే లోపల స్ప్రింగు టప్పుమని కొట్టి వెనక్కి ఎగురుతుంది, ఎంత ఎగిరిందో అంకె పడుతుంది. ష్మిట్ హామర్. గట్టి రాయైతే బాగా ఎగురుతుంది, చివికిన రాయైతే ఆ దెబ్బని మింగేస్తుంది. నాకూ ఇచ్చారు. తాజాగా పగిలిన మొహం మీద 54, 51, 56. రెండడుగులు పక్కకి, పగులు వెంబడి ఎర్రబారిన చోట 19. ఒకే బండ, ఒకే ఎండ, ఒకే వాన. తేడా అల్లా ఆ పగులులోంచి ఊట దిగుతోంది.

బెజవాడ ఎండకే రాళ్ళు పగులుతాయని మేం చిన్నప్పటినుంచీ వింటున్నాం. బ్లేజ్‌వాడ అని ఊరికే పేరొచ్చిందా. అదే అన్నాను. మేడం గొడుగు నీడలో కూచుని ఒక ప్రయోగం చెప్పారు. గ్రిగ్స్ అనే ఆయన 1936లో అచ్చువేసిన పని. నున్నటి గ్రానైటు ముక్కని వేడిచేసి చల్లార్చి, వేడిచేసి చల్లార్చి, 89,400 సార్లు. రోజుకొకటి చొప్పున చూస్తే 244 ఏళ్ళ ఎండా రాత్రీ అన్నమాట. రాయికి ఏమీ కాలేదు. అప్పుడు చల్లార్చేటప్పుడు గాలి బదులు నీళ్ళు చిలకరించాడు, పది రోజుల్లోనే మెరుపు పోయి బీటలు కనపడ్డాయి. "ఎండొక్కటే అయితే రాయి ఓర్చుకుంటుంది బాబూ. తడి తోడైతేనే ఓర్చుకోలేదు."

అలా అని ఎండ చేతులు కడుక్కోవడానికి లేదు. అమెరికాలో యోసెమిటీ లోయలో కొండకి అంటుకుని ఉన్న ఒక రాతి పలకకి మీటర్లు బిగించి చూస్తే అది రోజూ పగలు ఒక సెంటీమీటరు దాకా కొండ నుంచి దూరం జరిగి, రాత్రికి మళ్ళీ దగ్గరికి వస్తోందట, 2016లో రాశారు. అంటే పెద్ద బండల పగుళ్ళని ఎండ రోజూ తెరిచి మూస్తోంది. తెరిచినప్పుడల్లా లోపలికి దూరేది ఎవరు? మళ్ళీ నీళ్ళే.

సాయంత్రం ఇంటికొచ్చాక గోడ చూడమందామనుకున్నాను. కుర్రాళ్ళలో ఒకడికి ఎర్ర చీమలు కుట్టి కాలు వాచింది, అమ్మ పసుపూ సున్నమూ అంటూ హడావుడి చేసింది, అందులో పడి కుదర్లేదు.

మూడో రోజు

కొండపల్లి. అడవిలోకి వెళ్ళడానికి ఇవ్వాల్సిన కాగితం ఒక ఆఫీసులో ఇరుక్కుంది, సంతకం పెట్టాల్సినాయన సెలవు. కాబట్టి ఖిల్లా వైపు రోడ్డు మీదే తిరిగాం. ఒక టైరు కూడా పంక్చర్ అయింది, దాని గురించి ఇంకేం రాయను.

ఇక్కడి రాయి వేరు, నల్లగా, పగలగొడితే బెల్లం పాకం రంగులో జిడ్డుగా మెరుస్తుంది. చార్నొకైటు. దీని పేరు కథ విని తీరాలి. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే కంపెనీ దొర సమాధి రాయిని 1893లో థామస్ హాలండ్ అనే జియాలజిస్టు పరీక్ష చేసి, అది మద్రాసు దగ్గర నుంచి తెచ్చిన రాయి అని తేల్చి, దొర పేరే రాయికి పెట్టేశాడు. ఆ లెక్కన మా కొండపల్లి ఖిల్లా కింద ఉన్నదంతా ఒక కలకత్తా దొర పేరు మోస్తోంది. బెజవాడ నైస్ పోయి చార్నొకైటు మిగిలింది, నాకు కొంచెం కడుపు మండింది.

రోడ్డు పక్క గుండ్లు చూపించారు. పైపొరలు ఉల్లిపాయ రేకుల్లా ఊడి వస్తున్నాయి. కొండ మొదట్లో చదరపు దిమ్మెల్లాగే పగులుతుంది, కానీ దిమ్మె మూలకి మూడు వైపుల నుంచీ తడి చేరుతుంది, అంచుకి రెండు వైపుల నుంచి, మొహానికి ఒక్క వైపు నుంచి. అందుకని మూలలు ముందు కరిగిపోతాయి, మిగిలింది గుండ్రాయి. మా ఇంటి వెనక కొండలో ఇలాంటి గుండ్లు బోలెడు, చిన్నప్పుడు ఎవరో రాక్షసుడు దొర్లించాడనుకునేవాళ్ళం. ఎక్కడినుంచీ దొర్లలేదు, అక్కడికక్కడే గుండ్రంగా అయ్యాయి. వాటి చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోతే మాత్రం అప్పుడు దొర్లుతాయి, మేడం ఆ మాట మామూలుగా అనేసి ముందుకెళ్ళిపోయారు గానీ నా మనసు ఇంటి మీదికి పోయింది.

దిగి వచ్చేటప్పుడు బొమ్మల కాలనీలో మేడం ఒక ఏనుగు అంబారీ కొన్నారు. తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో కుర్రాళ్ళకి నమ్మకం కలగక చేతిలో పెట్టుకుని తూచారు, పొద్దుట్నుంచీ రాళ్ళు మోసిన చేతులు కదా.

నాలుగో రోజు

గుంటూరు వైపు. దారిలో మంగళగిరి. పానకాల స్వామికి బిందెడు పానకం పోయించాం, సగం తాగి సగం మనకి ఇచ్చాడు, అంత బెల్లం నీళ్ళు పడినా చీమ కనపడలేదు, ఎప్పుడూ లాగే. ఇక్కడ కూడా నా నోరు ఊరుకోలేదు. ఇది చల్లారిన అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉంటే పానకం దాన్ని విరిచేస్తుందనీ వాట్సాప్‌లో ఏటా వచ్చే మెసేజ్ ఉంది కదా, అది చదివి వినిపించాను. తమ్ముడు తలపట్టుకున్నాడు. ఈ కొండలు లావా పొంగి వచ్చినవి కావు, లోతుల్లో ఒత్తిడికీ వేడికీ మారిన రాళ్ళు, ఇక్కడ అగ్నిపర్వతం జాడే లేదు అన్నాడు. మరి పానకం సంగతేంట్రా అంటే, "అది స్వామిని అడుగు, రాయి సంగతైతే నన్ను అడుగు" అన్నాడు. ఇలాంటి జవాబు వాడికి పిన్ని దగ్గర నుంచి వచ్చి ఉండాలి. మెట్లు దిగుతూ గాలిగోపురం కేసి చూసుకుంటూ వచ్చాం, 1800ల మొదట్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తులు.

గుంటూరులో భోజనం. గోంగూర, పండుమిరప పచ్చడి, విశాఖ కుర్రాళ్ళ కళ్ళలో నీళ్ళు. చాలు.

మధ్యాహ్నం కొండవీడు. రెడ్డి రాజుల కోట పైకి నేను ఎక్కుదామనుకుంటే వీళ్ళు కింద పొలాల గట్ల మీద ఆగిపోయారు. పైన వాలులో జానెడు లోతు ఎర్ర మట్టి, కింద రాయి. కొంచెం దిగితే మూడడుగుల ఎర్ర మట్టి. ఇంకా దిగి మైదానంలోకి వస్తే నల్ల రేగడి, పార దిగితే జిగురులా పట్టుకుని వదలదు. పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి మమ్మల్నే చూస్తున్నారు. రైతు వచ్చి, ఏంటి సార్, లేఅవుటా, అని అడిగాడు. మట్టి చదువు అంటే ఆయనకి ఉత్సాహం వచ్చింది. ఎర్ర నేల నీళ్ళు నిలపదు, తడి త్వరగా ఆరుతుంది, నల్ల నేల మింగి కూచుంటుంది, ఎండాకాలం నోరు తెరుస్తుంది, మా బర్రె దూడ కాలు దిగబడింది ఓసారి అన్నాడు.

మేడం ఆయన్నే మాట్లాడనిచ్చి ఆ తర్వాత చెప్పారు. పై వాలులో నీళ్ళు జారిపోతాయి, కరిగే లవణాలన్నీ పట్టుకుపోతాయి, మిగిలిన ఇనుము తుప్పై మట్టి ఎర్రబడుతుంది. ఆ పట్టుకుపోయిన సరుకు కింద నీళ్ళు నిలిచే చోట చేరి, తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకునే నల్ల బంకమట్టి తయారవుతుంది. పై నుంచి కింది దాకా ఒకే గొలుసు అన్నమాట. తూర్పు ఆఫ్రికాలో మిల్న్ అనే ఆయన 1935లో దీన్ని గొలుసనే పిలిచాడు, లాటిన్‌లో కటెనా. రైతు "గొలుసే కదమ్మా, పైన మా అన్నది, కింద నాది, పన్ను ఒకటే" అన్నాడు.

ఇంకో విషయం ఇక్కడే తెలిసింది. మట్టి దుప్పటి పలచగా ఉంటే కింద రాయి త్వరగా చివుకుతుంది, మందంగా ఉంటే నెమ్మదిస్తుంది. గిల్బర్ట్ అనే ఆయన 1877లో ఊహించిందే 1997లో కొలిచి నిరూపించారట. అంటే కొండ తన దుప్పటి తనే సర్దుకుంటుంది, చిరిగితే నేసుకుంటుంది. చింపే వేగం నేసే వేగాన్ని దాటనంతవరకే.

ఐదో రోజు

కాగితం వచ్చింది. కొండపల్లి అడవిలో ఒక చిన్న వాగు, మోకాలి లోతు నీళ్ళు. నాలుగు గంటలు ఇసుక జల్లించారు. అంతే పని. నేను ఒడ్డున చింతచెట్టు కింద కూచుని చూస్తున్నాను. ఇంత చదువుకున్నవాళ్ళు నడుం వంచి తాపీ మేస్త్రీలకి ఇసుక జల్లించే కూలీల్లా చేస్తుంటే నవ్వొచ్చింది, జాలేసింది, కాసేపటికి నేనూ ఒక జల్లెడ పట్టుకున్నాను.

ఆ ఇసుక ఎందుకంటే, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు క్వార్ట్జ్ గింజలోని ఆక్సిజన్‌ని కొడితే బెరీలియం-10 అనే అరుదైన పరమాణువు పుడుతుంది. ఇది నేల మీది పై మీటరు రెండు మీటర్లలోనే దాదాపు అంతా జరుగుతుంది. కొండ మెల్లగా అరిగితే గింజ ఆ పై పొరలో ఎక్కువ కాలం ఉంటుంది, ఎక్కువ పరమాణువులు పోగేసుకుంటుంది. త్వరగా అరిగితే తక్కువ. వాగులో పిడికెడు ఇసుకంటే పైన వాలులన్నిటి నుంచీ వచ్చిన గింజల కలగలుపు, ఒక్క శాంపిల్‌తో మొత్తం లోయ సగటు తేలుతుంది. గ్రాముకి కొన్ని లక్షల పరమాణువులు ఉంటాయేమో, వాటిని లెక్కపెట్టే యంత్రం ఢిల్లీలో ఉంది. ఈ పద్ధతికి పునాదులు వేసినవాళ్ళలో మన దేవేంద్ర లాల్ ఒకరు, బెనారసులో పుట్టి, అహ్మదాబాద్ లాబ్ నడిపి, 2012లో పోయారు.

ఫలితం రావడానికి ఏడాది పడుతుందట. ఊరికే ఉండలేక, సుమారుగా ఎంత ఉంటుందిరా అన్నాను. వాడు చెప్పడు, చెప్పకూడదట. మేడం మాత్రం శ్రీలంక లెక్క చెప్పారు. అక్కడి కొండలూ ఇలాంటి రాళ్ళే, ఒకప్పుడు మన పక్కనే అంటుకుని ఉండేవి. అక్కడ ఈ పద్ధతితో కొలిస్తే చెట్టూ చేమా కదపని వాలులు వెయ్యేళ్ళకి ఓ పది మిల్లీమీటర్లు, అటూ ఇటూగా అరుగుతున్నాయి. అదే చెట్లు కొట్టి సాగు చేసిన వాలుల నుంచి మట్టి పది రెట్ల నుంచి వంద రెట్ల దాకా వేగంగా పోతోంది, 2003లో వచ్చిన పేపరు.

జల్లెడ ఊపుతూ లెక్క వేసుకున్నాను. మా నాన్న ఇల్లు కట్టేటప్పుడు వెనక కొండని 12 అడుగులు నిలువునా కొట్టించాడు. నెల పట్టింది, ఆరుగురు మనుషులు, గునపాలు, పలుగులు. వెయ్యేళ్ళకి పది మిల్లీమీటర్ల చొప్పున ఆ 12 అడుగులు కొండ తనంతట తను అరగాలంటే సుమారు 3 లక్షల 66 వేల ఏళ్ళు.

సాయంత్రం గోడ చూశారు. ఎట్టకేలకు.

నేను ముందే కేసు చెప్పేశాను. మేస్త్రీ సరిగ్గా కట్టలేదు, సిమెంటు తగ్గించాడు, రెండేళ్ళుగా ఫోనెత్తి అదే తిడుతున్నాను, ఆయన ఏం కాదు సార్ అంటున్నాడు. మేడం ఏమీ అనకుండా ష్మిట్ హామర్ తీసి గోడకి ఆనించారు. అసలు ఆ పరికరం పుట్టిందే కాంక్రీటు చూడటానికట, 1948లో. టప్, టప్, టప్. గోడ గట్టిగానే ఉంది. తమ్ముడు అడుగున చెయ్యి పెట్టి, "తడిగా ఉంది పెద్దమ్మా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నయ్యా, వీప్ హోల్స్ ఏవి?" అన్నాడు.

వీప్ హోల్స్ అంటే గోడ వెనక చేరిన నీళ్ళు బయటికి పోయే బెజ్జాలు. గోడలో గజానికొకటి చొప్పున మేస్త్రీ వదిలాడు, నాకు బాగా గుర్తుంది. వాటిలోంచి ఎర్ర నీళ్ళు కారి గోడంతా చారికలు పడేవి. మూడేళ్ళ కిందట చెల్లి పెళ్ళికి ఇంటికి రంగులు వేయిస్తూ, వచ్చేవాళ్ళు ఏమనుకుంటారని, గోడకి నున్నగా ప్లాస్టరింగ్ చేయించి, లేత పచ్చ రంగు కొట్టించింది నేనే. ఫొటోల్లో బాగానే వచ్చింది.

"పది అడుగుల గోడ వెనక నీళ్ళు నిండితే, అడుగున చదరపు మీటరుకి మూడు టన్నులు తోస్తాయి" అన్నారు మేడం. "మట్టి తోపుడు కాక." నేను మాట్లాడలేదు. అమ్మ నా మొహం చూసి, వాడికి చిన్నప్పటినుంచీ మరకలంటే పడదమ్మా అని సర్దిచెప్పబోయింది.

ఆరో రోజు

నేను ఇంజనీర్ని కాదు, ముందు ఇంజనీర్ని పిలవండి అని మేడం గట్టిగా చెప్పారు. పొద్దున్నే తెలిసిన ఒకాయన వచ్చి చూశాడు. పొట్టేసిన భాగం ఎండాకాలంలో విప్పి మళ్ళీ కట్టాల్సిందే, అందాకా లోపలి నీళ్ళు బయటికి పంపాలి, పై వరస నుంచి మొదలెట్టి మెల్లగా కిందికి రండి అన్నాడు. మేస్త్రీకి నేనే ఫోన్ చేశాను. ఏమని మొదలెట్టాలో తెలీక, బాబాయ్, తప్పు నాదే, అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ప్లాస్టరింగ్ అప్పుడు చెప్పాను గదా సార్, అయ్యి మూస్తే కష్టమని. పెళ్ళి హడావుడిలో మీరు వినిపించుకోలా" అన్నాడు. డ్రిల్లింగ్ మిషను, రెండంగుళాల పైపు ముక్కలు, వెనక మూతికి కట్టడానికి జాలీ పట్టుకుని పదకొండింటికి వచ్చాడు.

పై వరసలో మూడు బెజ్జాలు. పొడి దుమ్ము వచ్చింది, ఏమీ లేదు. రెండో వరసలో చెమ్మ, పైపు మూతి దగ్గర ఒక్కో బొట్టు. కుర్రాళ్ళు రైలు టైం చూసుకుంటున్నారు. మూడో వరసలో మొదటి బెజ్జం సగానికి దిగాక మిషను మోత మారింది, మేస్త్రీ చటుక్కున పక్కకి జరిగాడు, బొటనవేలి లావు ధార అడ్డంగా వచ్చి తులసికోట దగ్గర పడింది. ఎర్రగా, పల్చటి ఇటుక రంగు నీళ్ళు. రెండో బెజ్జం, మూడోది, నాలుగోది. వెనక పెరడంతా పారి మా వీధి మెట్ల మీదుగా కిందికి దిగింది, కింద ఇంటివాళ్ళు పైకి చూసి కేకలేశారు, ఏం పైపు పగిలిందా అని.

గంటన్నర కారింది. అమ్మ రెండు బకెట్లు తెచ్చి పెట్టింది, ఇన్ని నీళ్ళు వృథాగా పోతే ఆవిడకి తోచదు. "ఒరేయ్, మొక్కలకి పొయ్యొచ్చా ఇవి?" అని తమ్ముణ్ణి అడిగింది. పోయొచ్చు పెద్దమ్మా అని వాడు ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా ధార కింద పట్టి నింపాడు, మూత బిగించి, మార్కర్‌తో మీద రాశాడు. రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో సామాను సర్దుతుంటే చదివాను. తేదీ, టైము, దాని కింద శాంపిల్ పేరు: పెద్దమ్మ గోడ, మూడో వరస.